బౌహౌస్‌ని పైకి తెచ్చింది రేడియోనా, వాళ్ల పాటేనా?

నల్లచొక్కా:
గాథిక్ రాక్ (చీకటి, చావు, భయం చుట్టూ తిరిగే రాక్ సంగీతం) గురించి మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు "జాన్ పీల్ లేకపోతే బౌహౌస్ లేదు" అనేసి వెళ్లిపోతున్నారు. పీల్ అంటే బీబీసీ రేడియోలో పాటలు వేసిన ఆయన, బౌహౌస్ అంటే ఆ రకం సంగీతం వాయించిన ఇంగ్లండ్ బ్యాండ్. నేను ఒప్పుకోను. నార్తాంప్టన్ కుర్రాళ్లు నలుగురూ 1978 చివర్లో బ్యాండ్ పెట్టి, మొదటి ప్రోగ్రాం ఇచ్చి నెల తిరక్కుండానే, 1979 జనవరి 26న, దగ్గర్లోని వెల్లింగ్‌బరోలో ఒక చిన్న స్టూడియోలో 'బేలా లుగోసీస్ డెడ్' రికార్డు చేసేశారు. తొమ్మిది నిమిషాలు దాటిన పాట. డ్రమ్ము అంచు మీద కర్ర దెబ్బ, మెట్లు దిగుతున్నట్టు మెల్లగా కిందికి జారే బాస్, ఎకోలో గీరుతున్నట్టు మోగే గిటారు, ఇవన్నీ అయ్యి పీటర్ మర్ఫీ గొంతు వినపడేసరికి దాదాపు మూడు నిమిషాలు గడిచిపోతాయి. అలాంటి పాట తీసే ధైర్యం వాళ్లది, ఆగస్టులో దాన్ని విడుదల చేసే ధైర్యం స్మాల్ వండర్ అనే చిన్న లేబుల్‌ది (రికార్డు కంపెనీది). రేడియో ఆ తర్వాత వచ్చింది.

టేపులపెట్టె:
అన్నా, ధైర్యం సంగతి సరే, ఆ పాట జనం చెవిన పడాలి కదా. 1979లో తొమ్మిది నిమిషాల పాటని దేశమంతా వినేలా వేసే మనిషి బీబీసీ రేడియో 1లో రాత్రిపూట పీల్ తప్ప ఇంకెవరున్నారు? పాట వేసి వదిలెయ్యలేదు, సెషన్‌కి కూడా పిలిచారు. అసలు సెషన్లు ఎందుకు పెట్టేవాళ్లో కూడా చూడాలి. రికార్డులు రోజుకి ఇన్ని గంటలకు మించి వెయ్యకూడదని సంగీతకారుల యూనియన్‌తోనూ రికార్డు కంపెనీలతోనూ బీబీసీకి ఒప్పందాలుండేవి. అందుకే మిగతా టైముకి బ్యాండ్లని స్టూడియోకి పిలిచి, మామూలుగా నాలుగు పాటలు, ఒక్కరోజులో వాయించి మిక్స్ చేసి ఇవ్వమనేవాళ్లు. డబ్బూ ఇచ్చేవాళ్లు. చేతిలో ఒకే ఒక్క రికార్డున్న బ్యాండుకి అది చిన్న విషయమా?

బెజవాడ బాస్:
మీరిద్దరూ రేడియోని పబ్లిసిటీగానే చూస్తున్నారు, నాకు అక్కడే బాధ. 1980లో 4ఏడీ అనే లేబుల్ నుంచి వచ్చిన మొదటి ఆల్బమ్ 'ఇన్ ద ఫ్లాట్ ఫీల్డ్' తీసుకోండి. మొదటి పాట 'డబుల్ డేర్' ఆల్బమ్ కోసం స్టూడియోలో చేసింది కాదు, బీబీసీలో పీల్ సెషన్‌లో వాయించిందే. మళ్లీ చేద్దామని చూశారు, ఆ ఊపు రాలేదు. చివరికి బీబీసీ టేపే కావాలని పట్టుబట్టి, యూనియన్ అడ్డుపడినా అనుమతి వచ్చేదాకా ఆగి ఆల్బమ్‌లో పెట్టుకున్నారు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, ఆ బాస్ ఎంత బరువుగా, ఎంత మురికిగా ఉంటుందో! టైము లేదు, రెండోసారి సరిచేసుకుందామనే అవకాశం లేదు, దాంతో నలుగురూ ఉన్నదంతా ఆ ఒక్కరోజే పెట్టేశారు. స్టూడియోలో తీరిగ్గా కూర్చుంటే ఇలాంటి బ్యాండ్లకి ఆ పదును పోతుందని నేను గట్టిగా నమ్ముతాను.

నల్లచొక్కా:
డబుల్ డేర్ మాట బాగుంది, కాదనను. కానీ అది వాళ్లు బాగా వాయించారనడానికి సాక్ష్యం, పీల్ పైకి తెచ్చాడనడానికి కాదు. ఆ ఆల్బమ్‌ని లండన్ మ్యూజిక్ పత్రికలు చీల్చి చెండాడాయి. అయినా ఇండీ చార్టులో (చిన్న లేబుళ్ల రికార్డుల అమ్మకాల జాబితాలో) మొదటి స్థానానికి వెళ్లింది. పత్రికలు వద్దన్నదాన్ని డబ్బు పెట్టి కొన్నది ఊరూరా వాళ్ల ప్రోగ్రాములకి వెళ్లిన కుర్రకారే.

టేపులపెట్టె:
ఆ కుర్రకారు రాత్రిళ్లు రేడియో పక్కన టేపు రికార్డరు పెట్టుకుని కూర్చున్నవాళ్లే అన్నా! ఇంకొకటి చూడండి. వాళ్ల హిట్లన్నిట్లోకీ పెద్దది, 1982 అక్టోబరులో బ్రిటిష్ చార్టులో 15వ స్థానానికి వెళ్లి టాప్ ఆఫ్ ద పాప్స్‌ అనే బీబీసీ టీవీ ప్రోగ్రాం దాకా తీసుకెళ్లింది, గాయకుడు డేవిడ్ బోవీ పాట 'జిగ్గీ స్టార్‌డస్ట్'. అది కూడా బీబీసీ సెషన్‌లో రికార్డు చేసిందే. విడిపోయాక 1989లో ఆ బీబీసీ సెషన్ల పాటలు 'స్వింగ్ ద హార్ట్‌ఏక్' పేరుతో ఆల్బమ్‌గా వచ్చాయి. ఒకసారి మొదట్నుంచి చివరిదాకా విని, స్టూడియో రికార్డుల పక్కన పెట్టి, ఏ పాటకి ఏది మేలో ఇక్కడ రాయండి, అప్పుడు మాట్లాడుకుందాం.