కాశీ యాత్ర: లాడ్జి నల్లులు మనతో ఇంటికి రాకుండా ఏం చేయాలి?

శ్రావణి_కాకినాడ:
వచ్చే నెల అమ్మానాన్నలతో, మూడేళ్ల బాబుతో కాశీ, అయోధ్య వెళ్తున్నాం. రెండు రాత్రులు రైల్లో, నాలుగు రాత్రులు లాడ్జిల్లో. గదిలో నల్లులున్నాయో లేదో ఎలా కనిపెట్టాలి? సూట్‌కేసులో కలరా ఉండలు వేస్తే చాలా? తిరిగొచ్చాక బట్టలు ఎండలో వేస్తే పోతాయా?

లాడ్జి_నిర్వహణ:
శ్రావణిగారూ, తాళం చేతికి రాగానే సామాను మంచం మీద పడేయకండి. ముందు బాత్రూంలో పొడి టైల్స్ మీద పెట్టండి, అక్కడ నల్లి దాక్కునే సందులు తక్కువ. తర్వాత తలగడ వైపు దుప్పటి ఎత్తి, పరుపు అంచున తాడులా ఉబ్బిన కుట్టు ఉంటుంది కదా, దాన్ని ఫోన్ టార్చి వెలుగులో పాత ఏటీఎం కార్డుతో విప్పుతూ నాలుగు మూలలూ చూడండి. పగటిపూట నల్లి దొరకడం తక్కువ, దాని గుర్తులే దొరుకుతాయి. బాల్‌పెన్నుతో పెట్టినట్టు నల్లటి చుక్కలుంటే తడి టిష్యూతో రుద్దండి. తుప్పు రంగులో పాకిందంటే అది నల్లి రెట్టే, అరిగిన రక్తం. నల్లి విడిచిన లేత పసుపు పొట్టు కనిపించినా నల్లులున్నట్టే. పెద్ద నల్లి మసూరు బద్దంత, గుడ్డు నువ్వుగింజ కన్నా చిన్నది, తెల్లగా అతుక్కుని ఉంటుంది.

మంచం చెక్క అతుకులు, మర చిల్లులు, తల వైపు పలక వెనక సందు కూడా చూడండి. ఐదు నిమిషాల పని. గుర్తులుంటే వేరే గది అడగండి. కానీ పక్క గదీ, సరిగ్గా పైదీ, కిందదీ వద్దు. పైపులు, వైర్లు పోయే కంతల్లోంచి అవి గోడ దాటతాయి. "మందు కొట్టిస్తాం, ఇక్కడే ఉండండి" అంటే ఒప్పుకోకండి. మందుకి బెదిరి చెల్లాచెదురవుతాయి, గుడ్లు మాత్రం చాలావరకు బతికే ఉంటాయి.

రైలు_సంచి:
నల్లి ఎగరదు, గెంతదు, పాకుతుంది. మన అదృష్టమంతా అక్కడే ఉంది. పెద్ద చెత్త కవర్లు ఓ పది పట్టుకెళ్లండి. సూట్‌కేసుని కవర్లో పెట్టి, మూతిని మెలితిప్పి, మడిచి రబ్బరు బ్యాండు వేయండి. ఊరికే ముడి వేస్తే సందు మిగులుతుంది. విడిచిన బట్టలకు వేరే కవరు, అదీ వెంటనే. మనిషి వాసన పట్టిన గుడ్డకే నల్లులు ఎక్కువ చేరతాయి, కుర్చీ మీద వదిలేసిన చొక్కా చాలు. రైలు దుప్పటి ప్రతి ట్రిప్పుకీ ఉతకరు, షీటు మధ్యలో వేసుకోండి.

కలరా ఉండలని నమ్ముకోవద్దు, పసిపిల్లల బట్టల్లో అసలు వేయొద్దు. కిరసనాయిలు పూయడం మంట ప్రమాదం.

వేడితోనే_చావు:
దండెం మీద ఎండ చాలదండీ. వేడి తగలగానే నల్లి మడతలోకి, నీడలోకి జరిగిపోతుంది. 45 డిగ్రీల దగ్గర పెద్దవి చావడానికే గంటన్నర పడుతుంది, గుడ్లకు 48 కావాలి. అందుకే ఇంటికొచ్చాక సంచి పడకగదిలోకి రానివ్వకండి, బాల్కనీలోనే విప్పండి. హీటరున్న వాషింగ్ మెషిన్ అయితే 60 డిగ్రీల మీద పెట్టండి. లేకపోతే కాటన్ బట్టలకు 10 లీటర్ల మరిగిన నీళ్లు, 5 లీటర్ల చన్నీళ్లు బకెట్లో కలిపి, ముంచి, మూత పెట్టి అరగంట ఉంచండి. బాబుని దగ్గరికి రానివ్వొద్దు. సూట్‌కేసు జిప్పు, చక్రాల చుట్టూ వాక్యూమ్ పట్టి, ఆ చెత్త కవర్లో కట్టి బయట పారేయండి. కొన్నాళ్లు వాడకుండా పక్కన పెడితే చస్తాయనుకోకండి, తిండి లేకుండా నెలలు బతుకుతాయి.

శ్రావణి_కాకినాడ:
చాలా ఉపయోగపడిందండీ. అమ్మ పట్టుచీర, ఉన్ని శాలువా వేడినీళ్లలో వేయలేం కదా? ఒంటి మీద దద్దుర్లు రాకపోతే భయం లేనట్టేనా?

వేడితోనే_చావు:
వాటిని పొడిగా కవర్లో పెట్టి ఫ్రీజర్లో పెట్టండి. మైనస్ 18 డిగ్రీలు నిలకడగా ఉంటే నాలుగు రోజులు. ఇంట్లో మాటిమాటికీ తలుపు తీస్తాం కాబట్టి వారం ఉంచండి. ఒక్కో కవర్లో ఒక్క బట్టే, పలుచగా మడిచి పెట్టండి, కుక్కితే మధ్యలోకి చలి అందదు. దద్దుర్లని నమ్మకండి. కొందరికి అసలు రావు, కొందరికి చాలా రోజులకు వస్తాయి. ఒంటిని కాకుండా మీ పరుపు కుట్టుని చూడండి, వారానికోసారి, రెండు నెలల పాటు.