హెన్షిన్‌ని తెలుగులో ఏమందాం?

ప్రశ్న: జపాన్ మాస్క్ హీరోల షోలను తలపించే యానిమేలకి మేం కొందరం తెలుగు సబ్‌టైటిళ్లు రాసుకుంటున్నాం. హీరో మారబోయే ముందు 'హెన్షిన్!' అని అరుస్తాడు. ప్రస్తుతానికి 'రూపాంతరం!' అని పెట్టాం. అర్థం సరిపోయింది గానీ తెర మీద చదువుతుంటే అతకడం లేదు. ఇంతకంటే మంచి మాట ఉందా?

జవాబు: అతకకపోవడానికి కారణం ఉందండీ. 'రూపాంతరం' అనగానే బడిలో భూగోళం చదివినవాళ్లకి రూపాంతర శిలలు గుర్తొస్తాయి. బైబిల్ చదివేవాళ్లకి కొండ మీద శిష్యుల ఎదుట యేసు రూపాంతరం పొందిన ఘట్టం గుర్తొస్తుంది. రెండుచోట్లా మార్పు జరుగుతుంటే చూసినవాళ్లు, తెలిసినవాళ్లు మనకి చెబుతున్నారు. మీ హీరో అలా కాదు, తానే మారుతూ తానే అంటున్నాడు.

అసలు ఆ మాటలో ఏముందో చూద్దాం. రెండు కంజీ అక్షరాలు, అంటే ఒక్కోదానికీ సొంత అర్థం ఉండే జపాన్ లిపి గుర్తులు. 'హెన్' అంటే మార్పు, 'షిన్' అంటే ఒళ్లు. ఈ రెండో అక్షరానికి ఒంటితో పాటు 'తాను', 'తన స్థితి' అనే అర్థాలూ ఉన్నాయి. సమాజంలో మనిషి హోదాని చెప్పే 'మిబున్' అనే మాటలో ఉన్నదీ ఆ అక్షరమే. అందుకే ఇది దుస్తులు మార్చడంతో ఆగదు, మనిషే మరొకడవుతాడు. గుర్తుపట్టకుండా తిరగడానికి వేషం మార్చడాన్ని వాళ్లు 'హెన్సో' అంటారు. విరాటుడి కొలువులో పాండవులు చేసింది అదీ, మన మారువేషం.

పోనీ మాటకి మాటగా 'దేహాంతరం' అందామా అంటే, గీత రెండో అధ్యాయంలోని 'దేహాంతరప్రాప్తి' ఆ మాటని ఎప్పుడో తీసేసుకుంది. చనిపోయాక వచ్చే మరో ఒళ్లు అది.

జపనీస్‌లోనూ హెన్షిన్ మొదటినుంచీ హీరోల మాటేమీ కాదు. పొద్దున్నే లేచేసరికి పురుగైపోయిన మనిషి గురించి కాఫ్కా రాసిన కథకి జపనీస్ అనువాదంలో పేరు 'హెన్షిన్'. అక్కడ ఆ మనిషి ఇష్టంతో ఎవరికీ పనిలేదు. అలాంటి మాట ఇష్టపూర్వకమైన కేక ఎలా అయిందన్నదే నాకు అన్నిటికంటే నచ్చే భాగం.

1971 ఏప్రిల్ 3న 'కామెన్ రైడర్' అనే ముసుగు వీరుడి షో టీవీలో మొదలైంది. షోతారో ఇషినోమోరి సృష్టి, తోయే సంస్థ నిర్మాణం. మొదటి భాగాల్లో హీరో హొంగో తకేషి బైక్ మీద దూసుకుపోతే, బెల్టులోని చక్రానికి గాలి తగిలి ముసుగు వీరుడిగా మారేవాడు. ప్రత్యేకంగా కేక, పోజు ఉండేవి కావు. షూటింగ్‌లో ఆ పాత్రధారి హిరోషి ఫుజియోకా బైక్ ప్రమాదంలో కాలు విరగ్గొట్టుకున్నాడు. 14వ భాగం నుంచి తకేషి ససాకి రెండో రైడర్‌గా వచ్చాడు. అప్పటికి ససాకికి బైక్ లైసెన్స్ లేదు. బైక్ మీద మారడం కుదరదు కాబట్టి నిలబడి, చేతులు తిప్పి, 'హెన్షిన్!' అని అరిచే పోజు పెట్టారు. పిల్లలు వెర్రెత్తిపోయారు. ఆ తర్వాతి కాలాన్ని జపాన్‌లో 'హెన్షిన్ బూమ్' అనే పిలుస్తారు.

ఆ కేక పడే చోటు కూడా చూడండి. దానికి ముందు మనకి కనిపించేది నటుడి ముఖం. ఆ తర్వాత ముసుగులో ఉండేది చాలాసార్లు వేరే మనిషి, సూట్ యాక్టర్. అంటే ఆ ఒక్క మాట దగ్గర నిజంగానే ఒళ్లు మారుతోంది! ఒకరి శరీరం నుంచి ఇంకొకరి శరీరానికి కథని దాటించే పని ఆ మాటది.

యానిమేలో ఆ అవసరమే లేదు. ముఖాన్నీ ముసుగునీ గీసేది కుంచే. హీరో నోరు విప్పకుండానే మారిపోవచ్చు. అయినా యానిమే ఆ కేకని వదల్లేదు. 1972లో తత్సునోకో తీసిన 'గాచమన్'లో పక్షి దుస్తుల అయిదుగురు 'బర్డ్, గో!' అంటారు. రంగురంగుల అయిదుగురితో తోయే తీసిన మొదటి సెంటాయ్ (హీరోల జట్టు షో) 'గోరెంజర్' వచ్చింది 1975లో, అంటే యానిమే జట్టు తర్వాతే. 2004లో మొదలైన 'ప్రీక్యూర్'లో ఇద్దరమ్మాయిలు చేయీ చేయీ పట్టుకుని అంటే గానీ కేక పనిచేయదు. గీసిన మార్పు దృశ్యాన్ని దాచి ప్రతి వారం మళ్లీ వాడుకోవడం స్టూడియోకి పని తగ్గించేది, నిజమే. కానీ పిల్లలు కలిసి అరిచేది ఆ మాటనే. ప్రతి వారం అదే మాట, అదే చోట. మనవాళ్లకి పద్యం ఎత్తుగడ వినగానే మిగతాది నోటికొచ్చేసినట్టు.

అందుకని నా సలహా: కేకని 'హెన్షిన్!' అనే ఉంచండి. జపనీస్‌లో అది వట్టి నామవాచకం. కర్త లేదు, కాలం లేదు. తెలుగులో 'మారుతున్నాను' అంటే క్రియ చివర వ్యక్తి, వచనం, కాలం అన్నీ వచ్చి కూర్చుంటాయి, బిగువు పోతుంది. 'రూపుమార్పు!' అనీ ప్రయత్నించకండి. గట్టిగా అరిస్తే 'రూపుమాపు' అని వినబడుతుంది, అది నాశనం చేయడం.

ఒక సభ్యురాలు: 'అవతారం' ఎందుకు కాకూడదండీ? మనకి బాగా దగ్గరి మాట కదా.

జవాబు: దగ్గరిదే గానీ దిక్కు వేరమ్మా. అవతారమంటే దిగిరావడం. పైనున్నవాడు మన కోసం కిందికి వస్తాడు. కామెన్ రైడరేమో, షాకర్ అనే దుష్ట సంస్థ ఎత్తుకుపోయి, ఒళ్లు కోసి మార్చిన మామూలు కుర్రాడు. తనకి జరిగిన అన్యాయాన్నే ఆయుధంగా పట్టుకుని లేస్తాడు. పైగా ఇంట్లో 'ఏమిట్రా ఆ అవతారం?' అంటే తల దువ్వుకోలేదని అర్థం. గంభీరమైన చోట అది అడ్డొస్తుంది.

ఇంకో సభ్యుడు: 'కామరూపి'?

జవాబు: ఆ మాటంటే నాకు చాలా ఇష్టమండీ, కానీ కామరూపి కోరిన రూపమల్లా ఎత్తగలడు. మారీచుడు లేడి కాగలడు, ఇంకేమైనా కాగలడు. రైడర్‌కి అలా కాదు, తనదంటూ నిర్ణయమైన రూపమే ఉంటుంది. 1973లో వచ్చిన యానిమే 'క్యూటీ హనీ' నాయిక మాత్రం అసలైన కామరూపిణి. 'హనీ ఫ్లాష్!' అంటూ సందర్భానికో వేషం కడుతుంది. ఆమె గురించి రాసేటప్పుడు ఈ మాట వాడండి.

అలాగే ఒక్కో షోకి ఒక్కో మాట వెతకాలి తప్ప అన్నిటికీ ఒకటే అంటించకూడదు. 2022లో వచ్చిన 'ఫూటో పీఐ'ని తీసుకోండి. 2009లో మొదలైన 'కామెన్ రైడర్ డబుల్'కి అది యానిమే కొనసాగింపు. అందులో షోతారో అనే డిటెక్టివ్, అతని జతగాడు ఫిలిప్ ఇద్దరూ కలిసి 'హెన్షిన్' అంటారు. ఫిలిప్ ఒళ్లు అక్కడే కూలబడుతుంది, అతని చైతన్యం షోతారో ఒంట్లో చేరుతుంది. తెలుగులో దీనికి 'పరకాయ ప్రవేశం' అని సిద్ధంగా ఉంది! కేకని మార్చకండి గానీ, దాని గురించి పాత్రలు మాట్లాడుకునే చోట ఈ మాట పెడితే ఎవరికైనా ఠక్కున అర్థమవుతుంది. 'టైగర్ అండ్ బన్నీ'లో హీరోల శక్తి వాళ్ల ఒంట్లోనే ఉంది, స్పాన్సర్ల లోగోలున్న సూట్ దాని మీద తొడుక్కునేది. అక్కడ 'సూట్ వేసుకున్నాడు' చాలు. 'సైలర్ మూన్' కేకలో చివరి మాట 'మేకప్'. మన నాటకాలవాళ్లూ రోజూ వాడే మాటే కాబట్టి దాన్నీ కదపక్కర్లేదు.

మొదట అడిగినవారు: మరి 'జోచాకు'? పాత షోల ప్రస్తావన వస్తే అదీ తగులుతోంది.

జవాబు: అది 1982 నాటి 'గావన్' అనే షోలో హీరో కేక. లోహాన్ని ఆవిరి చేసి పూతగా పట్టించే పద్ధతికి పరిశ్రమల్లో వాడే మాటని తెచ్చి హీరో నోట పెట్టారు. కవచం తొడగడానికి పట్టేది 0.05 సెకండ్లే అని వ్యాఖ్యాత చెప్పి, ఆ పద్ధతిని ఇంకోసారి చూద్దాం అంటూ నెమ్మదిగా చూపిస్తాడు. తర్వాతి 'షైడర్'లో కేక 'షోకెత్సు', లోహపు పొడిని కాల్చి గట్టిపరిచే ప్రక్రియ పేరు. కార్ఖానా మాటలకి అంత వీరరసం పట్టించిన రచయితలంటే నాకు గౌరవం. వీటికి 'కవచధారణ!' పెట్టి చూడండి. అది కూడా వట్టి నామవాచకమే, నోరు నిండుగా పలుకుతుంది, అర్థం వెంటనే అందుతుంది.

మారాక వరసగా నిలబడి పేర్లు చెప్పుకునే 'నానోరి'కి మాత్రం మన దగ్గర సొంత సరుకుంది. సెంటాయ్ నానోరిని 1862 నాటి కబుకీ (జపాన్ సంప్రదాయ రంగస్థల కళ) నాటకంలో అయిదుగురు దొంగలు ఏటిగట్టున గొడుగులతో నిలబడి తమ పుట్టుపూర్వోత్తరాలు చెప్పుకునే ఘట్టంతో పోలుస్తారు. కూచిపూడిలో పాత్ర తెర వెనక నుంచి వస్తూ తానెవరో తానే పాడుకునే ప్రవేశ దరువు ఆ కోవలోదే. వివరణలో 'ప్రవేశ దరువు' అనండి. డైలాగుల్లో 'ఫలానా నేనే!' అనే తీరు పట్టుకోండి. 'నా పేరు రెడ్' అని రాస్తే స్కూల్లో హాజరు పలికినట్టుంటుంది. 'రెడ్‌ని నేనే!' అంటే అడుగు ముందుకు పడుతుంది. మీ సబ్‌టైటిల్ ఫైల్లో ఆ అయిదు లైన్లూ ఇక్కడ పెట్టండి, కలిసి సరిచేద్దాం.