లీజు ఫ్లాట్‌లో పిల్లర్ దెబ్బతింటే బాగుచేయించాల్సింది ఎవరు?

నమస్కారమండీ. మాది బరంపురం. నాన్నగారు రిటైరయ్యాక 99 ఏళ్ల లీజు మీద ఫ్లాట్ తీసుకున్నారు. మొన్నటి వానలకి కింద పార్కింగ్‌లో ఒక పిల్లర్ పెచ్చులూడి, తుప్పుపట్టిన చువ్వలు బయటపడ్డాయి. స్థలం యజమానేమో అందరూ తలా కొంత వేసుకుని చేయించుకోండి అంటున్నారు. పైఅంతస్తు వాళ్లు తమకు సంబంధం లేదంటున్నారు. బిల్డింగ్‌కి పన్నెండేళ్లు, నిర్మాణ లోపాలు బిల్డరే బాగుచేయాలని రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం)లో ఉన్న 5 ఏళ్ల గడువు ఎప్పుడో దాటిపోయింది.

1882 ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ చదివాను. యజమాని చేయాల్సిన రిపేరు నోటీసిచ్చినా చేయకపోతే మనమే చేయించి అద్దెలో మినహాయించుకోవచ్చట. కానీ పిల్లర్ల బాధ్యత ఆయనదేనని లీజులో ఉండాలి కదా? పత్రం ఒడియాలో ఉంది. నాకు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. అందులో ఏ షరతు వెతికించాలి? ముందు ఇంజనీరు రిపోర్టా, లాయరు నోటీసా? అమ్మ రోజూ ఆ పిల్లర్ పక్కనుంచే పాలకి వెళ్తుంది. చాలా టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి.