మైక్రోఫైనాన్స్ వడ్డీకి సీలింగ్ ఎందుకు ఎత్తేశారు?

కృష్ణాతీరం:
మా పిన్ని వాళ్ళ గ్రూపులో ఒకావిడకి పదివేలు లోనిచ్చారు, వారానికి 230 చొప్పున 50 వారాలు కట్టాలి, వడ్డీ 15 శాతమే అన్నారంట. 2010లో ఈ మైక్రోఫైనాన్స్ (పేదలకి గ్రూపుల ద్వారా చిన్న అప్పులిచ్చే) కంపెనీల వసూళ్ళ మీద అంత గొడవ జరిగి, ఉమ్మడి ఆంధ్రలో వాటిని కట్టడి చేస్తూ ఆర్డినెన్స్ వచ్చి, ఆర్బీఐ కూడా వడ్డీకి సీలింగ్ పెట్టింది కదా, మరి 2022లో మళ్ళీ ఎందుకు తీసేసినట్టు? బీదోళ్ళ అప్పుల మీద షేర్ మార్కెట్లో డబ్బు చేసుకోవడం అసలు న్యాయమేనా?

లెడ్జర్_బాబాయ్:
15 అనేది ఫ్లాట్ రేటండీ, అంటే మొదట ఇచ్చిన మొత్తం మీదే చివరిదాకా లెక్కేసేది. ఆ పదివేలు ఏడాదంతా ఆవిడ చేతిలో ఉండవు, వారం వారం అసలు తగ్గుతూ ఉంటుంది, సగటున చూస్తే ఆవిడ వాడుకునేది ఐదువేల చిల్లరే, దానికి 1,500 వడ్డీ. అంటే 30 శాతం దగ్గర, మన లెక్కలో నూటికి రెండున్నర రూపాయలు. ఇప్పటి రూల్స్ ప్రకారం ఫ్యాక్ట్‌షీట్ ఇవ్వాలి, ఖర్చులన్నీ కలిపిన రేటు అందులో ఉంటుంది, అడగమనండి.

మాజీ_బ్రాంచి:
ఆ రోజుల్లో ఒక కంపెనీ బ్రాంచిలో చేశా, పేరొద్దులెండి. అందరూ రేటు గురించే మాట్లాడతారు గానీ అసలు జబ్బు టార్గెట్లు. ఒకే ఇంట్లో మూడు నాలుగు కంపెనీల లోన్ కార్డులుండేవి, ఒకడిది కట్టడానికి ఇంకొకడి దగ్గర తీసుకునేవాళ్ళు, కిస్తీలు వసూలుచేసే సెంటర్ మీటింగులో ఒకావిడ కట్టకపోతే మిగతావాళ్ళని లేవనిచ్చేవాళ్ళు కాదు, ఇక ఆవిడ ఇంటిమీదకి పోయేది కూడా పక్కింటి గ్రూపు వాళ్ళే. కాగితం మీద మాత్రం వసూళ్ళు బ్రహ్మాండం, ఇన్వెస్టర్లకి కావలసిందదే. మనకంటే ముందు, 2007లో మెక్సికోలో కంపార్తామోస్ అనే మైక్రోఫైనాన్స్ బ్యాంకు ఐపీఓకి (మొదటిసారి జనానికి షేర్లమ్మడానికి) వెళ్ళింది, అక్కడ వడ్డీ వందశాతం దరిదాపుల్లో, షేర్లమ్మిన డబ్బు పాత వాటాదార్ల జేబులోకే. బంగ్లాదేశ్‌లో గ్రామీణ్ బ్యాంక్ పెట్టిన యూనస్ దాన్ని గట్టిగానే తప్పుపట్టాడు. ఎవరు విన్నారు? 2010 ఆగస్టులో మన దగ్గరి మైక్రోఫైనాన్స్ కంపెనీ ఎస్‌కేఎస్ 985 రూపాయల ఇష్యూ ధరతో లిస్టయ్యింది, అక్టోబర్‌లో ఆర్డినెన్స్ పడింది, ఆ షేరు తర్వాత వంద లోపుకి జారింది.

వాదప్రియ:
టార్గెట్ల మాట ఒప్పుకుంటా, కానీ ఆర్డినెన్స్‌ని మరీ నెత్తిన పెట్టుకోకండి. వసూళ్ళు ఆగిపోయాయి, బ్యాంకులు వీళ్ళకి డబ్బివ్వడానికి భయపడ్డాయి, కొత్త లోన్లు లేవు, మరి జనం ఎక్కడికి పోతారు, ఐదు రూపాయలు పది రూపాయల వడ్డీ వాడి దగ్గరికే. 2015లో విజయవాడ కాల్‌మనీ గొడవ చూశాంగా.
సీలింగ్ సంగతంటారా, ఆ గొడవ మీద ఆర్బీఐ వేసిన మాలెగాం కమిటీ తర్వాత వచ్చిన ఆ రూల్స్, ఒకే మనిషికి రెండు కంపెనీలకి మించి ఇవ్వకూడదన్నది కూడా, ఎన్‌బీఎఫ్‌సీ-ఎంఎఫ్‌ఐలకే (బ్యాంకులు కాని మైక్రోఫైనాన్స్ కంపెనీలకే), బ్యాంకులకి లేవు. పైగా సీలింగ్ ఉందంటే తక్కువకి ఇవ్వగలిగినవాడు కూడా దాని చుట్టుపక్కలే తిరుగుతాడు. అందుకే 2022లో రేటు వదిలేసి అందరికీ ఒకే రూలు పెట్టారు: ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయమున్న ఇల్లు, అన్ని అప్పుల కిస్తీలూ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. నాకైతే ఇదే నయం అనిపిస్తుంది.

కృష్ణాతీరం:
మరి ఆ ఆదాయం ఎవరు లెక్కేస్తారు? రాష్ట్రం ఏమీ చెయ్యలేదా?

మాజీ_బ్రాంచి:
ఆ ఆర్డినెన్స్ తర్వాత వచ్చిన రాష్ట్ర చట్టం ఆర్బీఐ దగ్గర రిజిస్టరైన కంపెనీలకి వర్తించదని 2023లో తెలంగాణ హైకోర్టు చెప్పింది. ఆదాయమంటారా, లోనిచ్చేవాడే రాసుకుంటాడు. కూలికెళ్ళే ఇంట్లో పే స్లిప్ ఎక్కడుంటుంది, నోటితో చెప్పిన అంకె ఫారంలో పడుతుంది, అంకె పెరిగితే లోను పెరుగుతుంది, లోను పెరిగితే రాసినోడి ఇన్సెంటివ్ పెరుగుతుంది. కంపెనీ అప్పులైతే క్రెడిట్ బ్యూరోలో (ఎవరికెంత అప్పుందో రికార్డు పెట్టే చోట) దొరుకుతాయి, ఊళ్ళో చేబదులు ఏ రిపోర్టులోనూ రాదు.