టీఆర్‌బీ కమిటీ మీటింగులకి విద్యార్థులు వెళ్లచ్చా? మెంబర్ ఎలా అవుతారు?

ఓరుగల్లు_పిల్ల:
అందరికీ నమస్తే. ఒహాయోలో సివిల్‌లో పీహెచ్‌డీ మూడో ఏడు. తారు రోడ్ల పగుళ్లు నా టాపిక్. జనవరిలో మొదటిసారి వాషింగ్టన్‌లో ట్రాన్స్‌పోర్టేషన్ రిసెర్చ్ బోర్డు (టీఆర్‌బీ, అమెరికాలో రవాణా పరిశోధన చూసే సంస్థ) వార్షిక సమావేశానికి వెళ్తున్నాను. ప్రోగ్రాంలో పేపర్ల సెషన్లు కాకుండా కమిటీ మీటింగులే కుప్పలుగా ఉన్నాయి. మా గైడ్ గారిని అడిగితే వెళ్లి కూర్చో అన్నారు. పిలవని పేరంటానికి వెళ్లినట్టు ఉంటుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఈ కమిటీల వాళ్లకి జీతం ఉంటుందా? వాళ్లని ఎవరు ఎంచుకుంటారు? మనలాంటి వాళ్లకి చోటుంటుందా?

డల్లాస్_బాబాయ్:
జీతం లేదమ్మా, ఒక్క డాలరు కూడా. టికెట్, హోటల్ ఖర్చు వాళ్ల ఆఫీసు పెట్టుకోవాలి, లేదంటే సొంత జేబే. మీటింగుకి ఎవరైనా వెళ్లచ్చు. ముందు సైట్‌లో అకౌంట్ తెరిచి నచ్చిన కమిటీకి 'ఫ్రెండ్'గా పేరు ఇచ్చెయ్. ఈమెయిళ్లు వస్తుంటాయి.

గూడెం_ఇంజనీర్:
బాబాయ్ గారు చెప్పింది నిజం. కొంచెం వివరంగా నేను రాస్తాను. మాది తాడేపల్లిగూడెం. మంచు బాగా పడే ఒక రాష్ట్రంలో, రవాణా శాఖ మెటీరియల్స్ విభాగంలో పన్నెండేళ్లుగా చేస్తున్నాను. మూడేళ్లు కమిటీ ఫ్రెండ్‌గా ఉండి తర్వాత మెంబర్‌నయ్యాను.

మెంబర్‌షిప్ మూడేళ్లకి ఇస్తారు, తర్వాత పొడిగించచ్చు. పేర్లు చైర్ (కమిటీ పెద్ద) సూచిస్తారు, నియమించేది బోర్డు. అందరూ ప్రొఫెసర్లే అయిపోకుండా చూస్తారు. రాష్ట్ర శాఖల వాళ్లు, కన్సల్టెంట్లు, పరిశ్రమ వాళ్లు కూడా ఉండాలి. 35 ఏళ్ల లోపు వాళ్లకి యంగ్ మెంబర్ అని విడిగా చోటుంది, నువ్వు అడగాల్సింది అదే. పౌరసత్వం అడ్డు కాదు, మా కమిటీలో వేరే దేశాల నుంచి వచ్చేవాళ్లూ ఉన్నారు.

లోపలికి దారి మాత్రం పేపర్ల రివ్యూ. ఆగస్టు 1కి పేపర్లు వచ్చిపడతాయి, ఒక్కో దానికి కనీసం ముగ్గురు రివ్యూయర్లు కావాలి. చైర్‌కి అప్పుడు మనుషులు దొరకరు. నా మొట్టమొదటి పేపర్‌కి "కొత్తదనం లేదు" అని ఒక్క లైను రివ్యూ వచ్చింది. వారం రోజులు అన్నం సయించలేదు. అందుకే నేను రివ్యూ రాస్తే ఏ పట్టికలో ఏ అంకె ఎందుకు నమ్మలేకపోతున్నానో రాస్తాను. ఒక ఏడాది గడువు లోపల నాలుగు పంపాను. జనవరిలో వెళ్లేసరికి చైర్ నా పేరు గుర్తుపట్టారు.

కానీ కమిటీల అసలు పని అది కాదని నా అభిప్రాయం. ఏ ప్రశ్న మీద పరిశోధన జరగాలో రాయడం అసలు పని. దాన్ని రిసెర్చ్ నీడ్స్ స్టేట్‌మెంట్ అంటారు. ఒకసారి మీటింగులో పగుళ్లలో నింపే సీలెంట్ గురించి మాట వచ్చింది. చలికాలం మంచు తోసే బండి బ్లేడు తగిలి అది తాడులా ఊడి వచ్చేస్తుంది. ఉత్తరాది రాష్ట్రాల వాళ్లందరిదీ ఇదే బాధ. ముగ్గురం కూర్చుని నెలకొక ఫోన్ కాల్ చొప్పున ఏడాది పాటు రాశాం. అందులో ఒకమ్మాయి నీలాగే విద్యార్థి. పాత రిపోర్టులన్నీ తిరగేసి, మేం అడుగుతున్న వాటిలో సగానికి జవాబులు ఎప్పుడో వచ్చేశాయని చూపించింది. ఆ సగం కొట్టేశాం.

కమిటీ దగ్గర డబ్బు ఉండదు, అది గుర్తుపెట్టుకో. రాష్ట్రాలు తలా కొంత వేసుకుని 1962 నుంచి నడుపుతున్న ఎన్‌సీహెచ్‌ఆర్‌పీ అనే హైవే పరిశోధన పథకం లాంటి దానికి వెళ్లాలంటే రాష్ట్ర శాఖ లాంటి అర్హత ఉన్నవాళ్లు ఎవరైనా దాన్ని తమదిగా పంపాలి. మాది మా శాఖ నుంచి రెండేళ్లు పంపాం, రెండుసార్లూ ఎంపిక కాలేదు. చివరికి మా శాఖే సొంత నిధులతో చిన్న అధ్యయనం మొదలుపెట్టింది. ఆ ప్రశ్నని కమిటీ అంత నికరంగా రాసి ఉండకపోతే మా పైవాళ్లు ఒప్పుకునేవాళ్లు కాదు.

ట్రాఫిక్_నగరం:
హైదరాబాద్ నుంచి. రోడ్డు ఎంత ట్రాఫిక్ మోయగలదో లెక్కకట్టే పుస్తకం హైవే కెపాసిటీ మాన్యువల్ (హెచ్‌సీఎం) కూడా ఇలాంటి వలంటీర్ల పనేనా అన్నా?

గూడెం_ఇంజనీర్:
అవును తమ్ముడూ. 1950లో మొదటిది వచ్చింది, అప్పట్లో బోర్డు పేరు హైవే రిసెర్చ్ బోర్డు. ఏడో ఎడిషన్ 2022లో వచ్చింది. దానికోసం ఒక కమిటీయే ఉంది. లెక్కలు కట్టే పరిశోధనకి కాంట్రాక్టులు ఇస్తారు, కానీ ఏ అధ్యాయం మారాలి, ఏది ఒప్పుకోవాలి అని కొట్టుకునేది ఆ వలంటీర్లే. అక్కడి లెక్కలు లేన్లు పాటించే ట్రాఫిక్‌కి. ఆటోలు, బైకులు, బస్సులు కలిసిపోయే మన రోడ్లకి సరిపోవు. అందుకే మన కేంద్ర రోడ్డు పరిశోధన సంస్థ సీఆర్‌ఆర్‌ఐ వాళ్లు 2017లో మన రోడ్ల కోసం ఇండో హెచ్‌సీఎం తెచ్చారు.

ఓరుగల్లు_పిల్ల:
చాలా థాంక్స్ అన్నా. మరి మీటింగులో ఏం మాట్లాడాలి?

గూడెం_ఇంజనీర్:
మొదట్లో వరసగా అందరూ పేరు, ఊరు చెప్తారు. నీ వంతు వచ్చినప్పుడు పగుళ్ల మీద చేస్తున్నానని, ఈసారి పేపర్లు రివ్యూ చేస్తానని చెప్పు. అంతే చాలు. అయ్యాక వెళ్లిపోకుండా చైర్ దగ్గరికి వెళ్లి ఈమెయిల్ ఇవ్వు. షూస్ మెత్తనివి వేసుకో తల్లీ, ఆ కన్వెన్షన్ సెంటర్‌లో ఒక గది నుంచి ఇంకో గదికి చాలా నడవాలి.