అవరోహణ సీక్వెన్సును ఎక్కడ ఆపాలి? (చర్చ)

మంద్రస్థాయి:
బరోక్ (సుమారు 1600–1750 నాటి యూరోపియన్ సంగీత) పద్ధతిలో చిన్న చిన్న కీబోర్డ్ రచనలు చేయడం అభ్యసిస్తున్నాను. బేస్ ఒకసారి ఐదో స్వరానికి దిగుతూ, మరోసారి నాలుగో స్వరానికి ఎక్కుతూ కార్డ్‌లను (కలిపి పలికే స్వరాల గుచ్ఛాలను) నడిపించే సీక్వెన్సు (ఒకే అల్లిక మెట్టు మెట్టుగా మళ్లీ మళ్లీ వచ్చే వరుస) రాసినప్పుడు, మొదటి రెండు ఆవృత్తులు హాయిగానే ఉంటాయి గానీ మూడోదానికి వచ్చేసరికి ఏదో యంత్రం తిరుగుతున్నట్టు వినిపిస్తోంది. హాండెల్ జి మైనర్ పసకాలియాలో (ఒకే కార్డ్‌ల వరుస మీద అల్లిన వేరియేషన్ల రచనలో) అదే వరుస మొదటి నుంచి చివరి దాకా తిరుగుతున్నా విసుగు ఎందుకు పుట్టదు? రాసినవారు, వాయించినవారు తమ అనుభవం పంచుకోగలరని కోరుతున్నాను.

బేస్‌గీత:
ఆ పసకాలియా 1720లో లండన్‌లో అచ్చయిన కీబోర్డ్ సూట్లలో ఏడవదానికి చివరి భాగం. నాలుగు బార్లలో (తాళపు కొలతలలో) జి మైనర్, సి మైనర్, ఎఫ్, బి ఫ్లాట్, ఇ ఫ్లాట్, ఎ డిమినిష్డ్, డి, మళ్లీ జి మైనర్ వస్తాయి. నా దగ్గర నేర్చుకునేవారికి నేను ముందుగా చూపించేది మూడో బార్. అంతవరకు బేస్‌ది శుద్ధమైన పంచమ దూరమే; ఇ ఫ్లాట్ నుంచి ఎ కు దిగే అడుగు మాత్రం ఒక సెమీటోన్ (అర స్వరం) తక్కువ. అక్కడ కూడా పూర్తి అడుగే వేసి ఉంటే ఎ ఫ్లాట్, డి ఫ్లాట్ అంటూ సంగీతం మరో కీలోకి జారిపోయేది. ఆ ఒక్క ఇరుకు అడుగే వరుసను తిరిగి జి మైనర్‌కు చేరుస్తుంది.

ఇక విసుగు మాట. కార్డ్‌లు అవే ఉన్నా, ఒక వేరియేషన్ నుంచి మరోదానికి వాటి మీది అల్లిక మారిపోతుంది. వినేవారి చెవి కార్డ్‌ల కోసం కాక వాటి మీది నేత కోసం ఎదురుచూస్తుంది.

రెండుచేతులు:
పై వివరణకు కుడిచేతి వైపు నుంచి ఒక మాట చేర్చాలి. అదే వరుసను సెవెన్త్ కార్డ్‌లతో (మూలస్వరం నుంచి ఏడో స్వరం కూడా చేరిన నాలుగు స్వరాల కార్డ్‌లతో), కుడిచేతిలో రెండే స్వరాలతో వాయించి చూడండి. సి మైనర్ మీద ఇ ఫ్లాట్, బి ఫ్లాట్ పట్టుకోండి. బేస్ ఎఫ్‌కు వెళ్లగానే బి ఫ్లాట్ ఒక మెట్టు దిగి ఎ అవుతుంది. కదలకుండా నిలిచిన ఇ ఫ్లాట్ ఇప్పుడు ఘర్షించే సెవెన్త్‌గా మారుతుంది. బేస్ బి ఫ్లాట్‌కు చేరగానే ఆ ఇ ఫ్లాట్ డి కి దిగుతుంది, ఈసారి నిలిచిపోయేది ఎ. ఇలా ఒక స్వరం ఆగడం, మరో స్వరం దిగడం వంతులవారీగా సాగుతుంది. కొరెల్లీ ట్రియో సొనాటాలలో రెండు వయొలిన్లు ఒకదానినొకటి ఒరుసుకుంటూ దిగే చోట్ల జరిగేది ఇదే.

చివర డి సెవెన్త్ మీద సి, ఎఫ్ షార్ప్ మిగులుతాయి. వరుస నియమం ప్రకారం ఎఫ్ న్యాచురల్ రావాల్సిన చోట షార్ప్ వచ్చింది కనుక, అది దిగకుండా జి కి ఎక్కుతుంది. అంతదాకా ఆగడమూ దిగడమూ తప్ప ఎరగని పై స్వరాలలో ఒకటి మొదటిసారి పైకి కదలడమే వరుస ముగిసిందని చెవికి చెబుతుంది. మంద్రస్థాయి గారూ, మీ మూడో ఆవృత్తిలో అలా ఎదురు తిరిగే స్వరం ఏదైనా ఉందా?

సరళీవరుస:
కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాణ్ణి కనుక అడుగుతున్నాను. అలంకారాలలో సానిద, నిదప, దపమ అని ఒకే అల్లికను మెట్టు మెట్టుగా దించుతాం. ఇదీ అలాంటిదేనా?

బేస్‌గీత:
పై రాగరేఖ వరకు అలాంటిదేనండీ. కానీ అక్కడ దిగేది ఒక్క స్వరరేఖ. ఇక్కడ బేస్‌కూ పై స్వరాలకూ మధ్య ప్రతి అడుగులో ఒక ఘర్షణ పుట్టి, తర్వాతి అడుగులో తీరుతూ ఉంటుంది. ఆ ఘర్షణను తీసేస్తే మిగిలేది అలంకారమే, మంద్రస్థాయి గారికి యంత్రంలా వినిపిస్తున్నదీ బహుశా అదే.

కౌంటర్‌పాయింట్ అభిమాని:
మూడు ఆవృత్తులకు మించరాదని తరగతుల్లో చెప్పే నియమం నాకు అంతగా నచ్చదు. ఎక్కడికి పోతున్నామో తెలిస్తే ఎక్కడ ఆపాలో అదే తెలుస్తుంది. బాఖ్ వెల్ టెంపర్డ్ క్లావియర్ మొదటి భాగంలోని సి మైనర్ ఫ్యూగ్ తీసుకోండి. 9, 10 బార్లలో సి మైనర్, ఎఫ్ మైనర్, బి ఫ్లాట్, ఇ ఫ్లాట్ అని దిగి, 11వ బార్‌లో ఇ ఫ్లాట్ మేజర్‌లో ఫ్యూగ్ విషయం (గొంతు తర్వాత గొంతు అందుకునే ప్రధాన రాగఖండం) ప్రవేశించగానే ఆయన సీక్వెన్సును వదిలేస్తాడు. అది అక్కడికి వేసిన దారి మాత్రమే.

పాకెల్‌బెల్ కానన్‌లో డి–ఎ, బి మైనర్–ఎఫ్ షార్ప్ మైనర్, జి–డి అని జతలు మూడో స్వరానికి దిగుతూ వస్తాయి. అదే లెక్కన నాలుగో జత ఇ మైనర్–బి మైనర్ కావాలి. ఆయన జి–ఎ వేసి మళ్లీ మొదటికి తిప్పాడు. ఆ బేస్ 28 సార్లు వచ్చినా నిలబడటానికి ఈ మలుపు కూడా ఒక కారణం. మొజార్ట్ 1788లో రాసిన సి మేజర్ సొనాటా, కె. 545 మొదటి భాగంలో 18 నుంచి 21 బార్ల దాకా ఆర్పెజ్జియోల (విడివిడి స్వరాలుగా పలికే కార్డ్‌ల) మూలస్వరాలు ఐదేసి స్వరాల దూరం దిగుతాయి; ఆపై అదే ఒరవడిని పట్టుకోకుండా ట్రిల్ (పక్కపక్క స్వరాలు రెండు వేగంగా మారుతూ పలకడం) వైపు, జి మేజర్ ముగింపు వైపు మళ్లుతాడు.

మంద్రస్థాయి:
నా రచనలో అన్నీ ఉత్త త్రిస్వర కార్డ్‌లే ఉన్నాయి, సెవెన్త్‌లు లేవు. వాటిని చేర్చి, మూడో ఆవృత్తి మధ్యలో ఎఫ్ షార్ప్ పెట్టి చూశాను. వరుస అక్కడే తెగి, కేడెన్స్ (ముగింపు కార్డ్‌ల కదలిక) తనంత తానుగా వచ్చింది. ఒక సందేహం మిగిలింది: నాలుగు గొంతులకు రాస్తే ప్రతి సెవెన్త్ కార్డ్‌లోనూ నాలుగు స్వరాలూ ఉంచాలా?

రెండుచేతులు:
బేస్ మూలస్వరం మీదే ఉంటే అవసరం లేదు. ఒక కార్డ్‌ను పూర్తిగా ఉంచి, తర్వాతి దానిలో ఐదో స్వరాన్ని వదిలి మూలస్వరాన్ని రెండుసార్లు వాడండి. ఆపై మళ్లీ పూర్తి కార్డ్. అన్నింటినీ నింపబోతే సమాంతర పంచమాలు (రెండు గొంతులు పంచమ దూరంలోనే కలిసి కదలడం, ఈ పద్ధతిలో దోషం) వచ్చిపడతాయి.