నాన్నకి ఒళ్ళు పట్టీ పట్టీ నా బొటనవేళ్ళు పోతున్నాయి, పద్ధతి చెప్పండి

బ్రాడీపేట_4వ_లైన్
అందరికీ నమస్కారం. మాది గుంటూరు. నాన్న ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు, వయసు 67, షుగర్ ఉంది. ఏళ్ళ తరబడి స్టీరింగ్ తిప్పిన మనిషి కదా, రాత్రయితే చాలు భుజాలు, నడుం, పిక్కలు లాగేస్తున్నాయంటారు. రోజూ పడుకునే ముందు నువ్వుల నూనె రాసి ఓ అరగంట నేనే పడతాను. ఆయనకి హాయిగానే ఉంటోంది, నాకే రెండు నెలల నుంచి కుడి బొటనవేలి మొదట్లో ఒకటే పోటు, పొద్దున్నే సీసా మూత కూడా తిప్పలేకపోతున్నాను. ఆయన నవారు మంచం మీద పడుకుంటారు, నేను పక్కన పీట వేసుకుని కూర్చుంటాను. మొన్నయితే ఇంకో ఘనకార్యం. మధ్యాహ్నం పచ్చడికి పండుమిరపకాయల తొడిమలు తీశాను, సబ్బుతో రెండుసార్లు కడుక్కునే వెళ్ళాను, అయినా నడుం మీద చెయ్యి వేసిన ఐదు నిమిషాలకి పెద్దాయన లేచి కూర్చున్నారు. అసలు ఎలా పట్టాలి, ఎక్కడ పట్టకూడదు? వీడియోల్లో ఒక్కొక్కరూ ఒక్కో రకంగా గుద్దుతున్నారు.

సూర్యారావుపేట_ఫిజియో
అమ్మా, బెజవాడలో ఫిజియోగా చేస్తున్నాను. ముందు మంచం సంగతి చూడండి. నవారు మంచం మీద మీరెంత నొక్కినా ఆ బలమంతా నవారే తినేస్తుంది, సగం కూడా నాన్నగారి కండకి అందదు, అందుకే మీరు ఇంకా ఇంకా నొక్కుతున్నారు. దివాన్ ఉంటే దాని మీద, లేదంటే కింద చాప మీద మందంగా బొంత వేసి పడుకోబెట్టండి. నిలబడి పట్టేట్టయితే చేతులు వేలాడేసినప్పుడు మీ పిడికిలి తగిలే ఎత్తు ఉండాలి. కింద అయితే పీట మీద కాదు, మోకాళ్ళ మీద కూర్చుని, మోచెయ్యి మరీ మడవకుండా మీ ఒంటి బరువుని ముందుకి వాల్చండి. బలం భుజం నుంచి కాదు, నడుం నుంచి రావాలి.

బొటనవేలితో గట్టిపడిన చోటు వెతకండి, దొరికాక ఒత్తే పని ముంజేతికో అరచేతికో అప్పగించండి. తప్పక వేలితోనే ఒత్తాల్సి వస్తే అది వెనక్కి వంగిపోకుండా ముంజేతికి తిన్నగా ఉంచి, రెండో చెయ్యి పైన ఆనించండి.

వరస ఇలా: నూనె ముందు మీ అరచేతుల్లో వేసుకుని వెచ్చబడ్డాక రాయండి. చీలమండ నుంచి తొడ వైపు, మణికట్టు నుంచి భుజం వైపు, అంటే గుండె దిక్కుగా పొడుగ్గా నిమరాలి, తిరిగొచ్చేటప్పుడు చెయ్యి ఊరికే జారాలి. ఒళ్ళు వెచ్చబడ్డాక పూరీ పిండి మదాయించినట్టు కండని పట్టి ఎత్తి పిసకండి. ఆ తర్వాతే గట్టి చోట్ల చిన్న చిన్న చుట్లుగా రుద్దడం. చివర్లో మళ్ళీ నిమిరి వదిలెయ్యండి. మాకు కాలేజీలో వీటినే ఎఫ్లురాజ్, పెట్రిసాజ్ అని ఫ్రెంచి పేర్లతో చెప్తారు, 19వ శతాబ్దపు హాలండ్ డాక్టరు మెజ్గర్ పెట్టిన పేర్లంటారు. ఇంట్లో మీకవన్నీ ఎందుకు!

వెన్నెముక ఎముకల మీద, మోకాలి వెనక గుంటలో, మెడ ముందు భాగంలో నొక్కొద్దు. కిడ్నీలుండే చోట, అంటే పక్కటెముకల కింద నడుం మీద గుద్దొద్దు. ముఖ్యంగా షుగర్ కదా, పాదాల్లో స్పర్శ తగ్గి ఉండొచ్చు, కాబట్టి ఆయన "ఇంకా గట్టిగా" అన్నా పాదాల దగ్గర ఆ మాట నమ్మొద్దు, మీ కళ్ళతో చూసుకుని పట్టండి. పుండు, పగులు ఉంటే ఆ చోటు వదిలెయ్యండి. మీ బొటనవేలు రెండు నెలలుగా నొప్పంటే మాత్రం ఒకసారి చూపించుకోండి, ఈలోగా దానికి సెలవివ్వండి.

కృష్ణలంక_తమ్ముడు
ఇంత సుకుమారంగా పడితే పట్టు ఎక్కడ వదులుతుంది సార్? మా తాత తాలింఖానాలో కుస్తీ పట్టిన మనిషి, ఆయన మాలీష్ చేస్తే కళ్ళ వెంట నీళ్ళొచ్చేవి, తెల్లారేసరికి ఒళ్ళు దూదిలా ఉండేది. నేనిప్పటికీ కటింగ్ అయ్యాక సెలూన్‌లో మెడ టక్కుమని విరిపించుకుంటాను, ఏమీ కాలేదు.

సూర్యారావుపేట_ఫిజియో
తమ్ముడూ, కుస్తీ పట్టే పాతికేళ్ళ ఒళ్ళు వేరు, 67 ఏళ్ళ షుగర్ ఒళ్ళు వేరు. నొప్పి మితిమీరితే కండ వదలడం మాట అటుంచి ఇంకా బిగుస్తుంది. ఊపిరి బిగబట్టారా, కాలివేళ్ళు ముడిచారా గమనించండి, నోటితో "బానే ఉంది" అంటున్నా సరే ఆ రెండూ కనిపిస్తే తగ్గించాలి. ఇక మెడ విరుపు దయచేసి మానెయ్. మెదడుకి రక్తం తీసుకెళ్ళే నాళాలు మెడ ఎముకల్లోంచే వెళ్తాయి, అవి చీలితే పక్షవాతం దాకా పోవచ్చు. అరుదే, కానీ నువ్వు కూర్చునేది యాభై రూపాయల కటింగ్ కోసం!

మంగళగిరి_పిన్ని
తల్లీ, కారం సంగతి నేను చెప్తా. మిరపకాయ మంట నీళ్ళకి కరగదు, నూనెకి కరుగుతుంది. నువ్వు సబ్బుతో కడుక్కున్నా వేళ్ళ సందుల్లో మిగిలింది, పైన నువ్వుల నూనె పోసేసరికి అది కాస్తా కరిగి మీ నాన్న నడుం మీదకెక్కింది. ఈసారి ముందు చేతులకి వంటనూనె బాగా పట్టించి, గుడ్డతో తుడిచి, అప్పుడు సబ్బు పెట్టు. అసలు ఆ రోజుకి పట్టకపోతే పోయె. నేను పసిపిల్లలకి నూనె రాసి స్నానాలు పోసేదాన్ని, గాజులు, ఉంగరం తీసి పక్కన పెట్టి, గోళ్ళు చూసుకోనిదే బిడ్డని ముట్టేదాన్ని కాదు. ఇంకోటి, అయ్యాక అరికాళ్ళు, వేళ్ళ సందులు పొడిగుడ్డతో శుభ్రంగా తుడువు. నూనెకాళ్ళతో టైల్స్ మీద అడుగు వేశాడంటే ఇక నడుం పట్టడం కాదు, ఆపరేషనే.

పట్టాభిపురం_ప్రసాదు
అందరూ ఎలా పట్టాలో చెప్పారు, నేను పట్టకూడనిది చెప్తాను, తిట్లు తిన్నవాడిని కాబట్టి. మా అమ్మకి కాలు విరిగి నెలన్నర మంచం మీద ఉంది. కట్టు తీశాక ఒక పిక్క వాచి, వేడిగా, ఎర్రగా ఉంటే నరం పట్టిందనుకుని రెండు రోజులు బాగా రుద్దాను. డాక్టరు చూడగానే మొహం మార్చి స్కాన్‌కి పంపాడు, లోపల సిరలో రక్తం గడ్డకట్టింది. రుద్దితే ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చట. మందులతో బయటపడింది కానీ ఆ రెండు రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు చేతులు వణుకుతాయి. ఒక కాలే వాస్తే ముట్టుకోకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళండి. జ్వరం ఉన్నా, రక్తం పల్చబడే మందులు వాడుతున్నా ముందు డాక్టర్ని అడగండి.

బ్రాడీపేట_4వ_లైన్
నాన్న మందుల చీటీ తీసి చూశాను, రక్తం పల్చబడే మాత్ర ఒకటి ఉంది! డాక్టర్ గారికి ఫోన్ చేస్తే మెల్లగా నిమరచ్చు, కమిలేట్టు పట్టొద్దన్నారు. నిన్న కింద బొంత వేసి ముంజేత్తో మెల్లగా పట్టాను, పావుగంటలో గురక. పొద్దున "నిన్న పట్టింది ఎవరే?" అని అడిగారు. నా వేలికి సోమవారం అపాయింట్‌మెంట్. తొడిమలు తీసే పని తమ్ముడికి అప్పగించాను, వాడికిక్కడ అకౌంట్ లేదు కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.